ఉక్కు మార్చమని వచ్చిన జేబు చాకు: ఎడమచేతి డ్రిప్ ఫిట్టర్ కేసు

నేపథ్యం

అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోటలు ఎక్కువగా ఉన్న ఒక మండలం. మనిషికి నలభై దాటాయి. డ్రిప్ లైన్లు వేయడం, రిపేర్లు చూడడం ఆయన వృత్తి. ఊరు, పేరు, గుర్తుపట్టే వివరాలు ఇక్కడ రాయడం లేదు. చాకుకు సంబంధించినంత వరకు ఆయన గురించి తెలియాల్సినవి మూడే. ఒకటి, చాకు రోజుకు ముప్పై నలభై సార్లు బయటికి వస్తుంది. రెండు, ఆయనది ఎడమచేతి వాటం. మూడు, పనిలో ప్యాంటు వేసుకోడు. లుంగీ, లోపల చారల డ్రాయరు. చాకు ఉండేది డ్రాయరు జేబులో, లేదంటే చొక్కా పైజేబులో.

కోసే వస్తువులు: 16 మి.మీ. లేటరల్ పైపు (చెట్ల వరస వెంట పరిచే డ్రిప్ పైపు), 4 మి.మీ. మైక్రోట్యూబు, ఎరువు బస్తాల కుట్లు, మోటరు దగ్గర వైరు తొడుగు. రంపంతో కోసిన పీవీసీ పైపు అంచున మిగిలే పొట్టు గీకడం కూడా దానితోనే. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక చీనీకాయ. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, తుప్పు కథంతా అక్కడే ఉంది.

తెచ్చిన చాకు ఆన్‌లైన్‌లో కొన్న మడత చాకు. డీ2 ఉక్కు, బ్లేడు పొడవు 89 మి.మీ., వెన్ను దగ్గర మందం 3.6 మి.మీ., బరువు 148 గ్రాములు. లైనర్ లాకు (పిడి లోపలి లోహపు రేకు, అంటే లైనర్, పక్కకు వచ్చి బ్లేడుకు అడ్డుపడే రకం), పివట్ (బ్లేడు తిరిగే ఇరుసు) దగ్గర బాల్ బేరింగులు, క్లిప్పు కుడివైపు మాత్రమే.

సమస్య

చెప్పిన ఫిర్యాదులు మూడు. పదును రెండు రోజులు కూడా నిలవడం లేదు. పైపు వంకరగా తెగుతోంది, జాయినర్ దగ్గర నీళ్లు కారుతున్నాయి. ఒకసారి చాకు చేతిలోనే మూసుకుపోయి చూపుడువేలు తెగింది. మూడింటికీ ఆయన దగ్గర ఒకటే కారణం, ఒకటే మందు: "అన్నా, దీని ఉక్కే సరిలేదు. ఎం390 అంట, అది వేసింది చూడు."

ఎం390 మంచి ఉక్కే. కార్బన్ 1.9 శాతం, క్రోమియం 20 శాతం, పొడి లోహం పద్ధతిలో చేసేది. కానీ మామూలు సానరాయికి అంత తేలిగ్గా లొంగదు, డైమండ్ ప్లేటు కావాలి. పొలంలో పదును పోతే ఆయన దగ్గర ఉండేది ఒక ముక్క రాయి. అందుకే ముందు పాత చాకు మీద అసలు ఏం జరిగిందో చూడకుండా కొత్తదానికి డబ్బు పెట్టించడం సరికాదనిపించింది.

పరీక్ష

పదిరెట్లు పెద్దగా చూపే లూపు కింద పెడితే మూడు రకాల దెబ్బలు కనిపించాయి. మొన వైపు అంచు మీద చిన్న చిన్న పెచ్చులు, అది బైండింగ్ వైరు కోసిన ఫలితం. మధ్యలో అంచు గుండ్రబడింది, అది పైపుకు అంటుకున్న ఎర్రమట్టి పని. మట్టిలోని ఇసుకరేణువు ఏ ఉక్కునైనా అరగదీస్తుంది. మూడోది అసలు సంగతి చెప్పింది: అంచు పొడుగునా, అక్కడక్కడ, లేత ఊదా, నీలం చారలు.

ఆ రంగు అంటే అంచు కాలింది. అడిగితే సంతలో సాన పట్టించానన్నాడు. నీళ్లు లేని గిరగిర తిరిగే చక్రం మీద, నిప్పురవ్వలు ఎగురుతుంటే పెట్టిన పదును. అంచు పలచన కాబట్టి వేడి పోవడానికి చోటు ఉండదు, క్షణంలో ఎక్కుతుంది. నీలం రంగు కనిపించేసరికి అక్కడ ఉష్ణోగ్రత 300 డిగ్రీలకో, అంతకన్నా పైకో వెళ్లి ఉంటుంది. అక్కడి ఉక్కు మెత్తబడిపోతుంది. మెత్తబడ్డ అంచుకు మళ్లీ పదును పెడితే మళ్లీ రెండు రోజులే. ఆయన ఉక్కు చెడ్డదనుకున్నది ఆ కాలిన అరమిల్లీమీటరును చూసి.

పైపు వంకరకు రెండు కారణాలు దొరికాయి. చక్రం మీద ఒకవైపు ఏటవాలు 25 డిగ్రీలు, రెండోవైపు 17 డిగ్రీలు వచ్చింది. అలాంటి అంచు సూటిగా దిగదు, ఒకవైపుకు లాగుతుంది. దాంతోపాటు అంచుకు సరిగ్గా పైన బ్లేడు మందం వెర్నియర్‌తో 0.75 మి.మీ. వచ్చింది. పైపు గోడను కోయడం కన్నా చీల్చుకుంటూ వెళ్తుంది. కోత వాలుగా వస్తే జాయినర్ పళ్లు ఒకవైపు పూర్తిగా పట్టి రెండోవైపు సగమే పడతాయి, ఒక కిలో ప్రెజర్‌కే కారడం మొదలవుతుంది.

వేలు తెగిన సంగతికి ఎక్కువ సేపు పట్టింది. చాలామంది లాకును పరీక్షించడానికి వెన్నును బల్లకేసి కొడతారు. ఆ దెబ్బకు మంచి లాకు కూడా జారవచ్చు, లాకు ముఖం కూడా పాడవుతుంది. వేళ్లు బ్లేడు దారిలో లేకుండా పట్టుకుని వెన్ను మీద నిదానంగా ఒత్తిడి పెంచితే చాలు. కుడిచేత్తో పట్టుకుంటే లాకు గట్టిగా నిలిచింది. అదే చాకు ఎడమచేత్తో, పైపు కోసేటప్పుడు పట్టుకునేంత బిగువుగా పట్టుకుంటే లైనర్ పట్టు కోల్పోతూ పక్కకు జరిగింది. కుడిచేతి వాళ్లకోసం చేసిన లైనర్ లాకులో లాకు వదిలించడానికి పిడిలో చెక్కిన గాడి బొటనవేలి వైపు ఉంటుంది. ఎడమచేతిలో ఆ గాడి చూపుడువేలు, నడిమివేలి కిందికి వస్తుంది. బిగించిన ప్రతిసారీ ఆయన వేలే లాకును నొక్కుతోంది. దానికితోడు లైనర్ వెనకాల మట్టి పేరుకుని అది పూర్తిగా లోపలికి రావడం లేదు. లాకు చెడ్డది కాదు, చెయ్యి వేరు.

మొదట చేసింది

ఉన్న చాకునే బాగుచేయాలన్నది మొదటి ఆలోచన. కొత్తది కొంటే ఏం మారాలో తెలియాలన్నా, పాతదాన్ని ఒకసారి మంచి స్థితికి తెచ్చి వాడించడమే మార్గం. 300 గ్రిట్ (గరుకుతనం అంకె, పెరిగేకొద్దీ నున్నన) డైమండ్ ప్లేటు మీద, నీళ్లు పోస్తూ, చేత్తోనే అంచును 0.7 మి.మీ. వెనక్కి అరగదీసి కాలిన భాగమంతా తీసేశాం. తర్వాత 1000 గ్రిట్ రాయి మీద రెండువైపులా సమానంగా 20 డిగ్రీలు. పొడుచుకు వచ్చిన సన్నని పొర గోటికి తగలకుండా పోయేదాకా ఒక్కోవైపు ఒక్కో గీత.

పదును ఈసారి దాదాపు పది రోజులు నిలిచింది. అంటే డీ2 మీద నింద తొలగింది. కానీ పైపు కోయడం ఇంకా కష్టమైంది. కారణం లెక్కలోనే ఉంది: అంచు వెనక్కి జరిగితే అది బ్లేడులో ఇంకా మందమైన చోటుకు వస్తుంది. అంచు పైన మందం 0.9 మి.మీ. దాకా పోయింది. చర్మం గీసుకునేంత పదునున్నా పైపులో ఇరుక్కుంటుంది. 3.6 మి.మీ. డీ2 బ్లేడును చేత్తో పలచన చేయడం రోజుల పని, బెంచ్ గ్రైండర్ పెడితే మళ్లీ కాలడం. చీనీరసం మచ్చలు కూడా ఆగలేదు. డీ2లో క్రోమియం 12 శాతం వరకు ఉన్నా అందులో చాలా భాగం కార్బన్‌తో కలిసి కార్బైడ్లుగా గట్టిపడిపోతుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. లాకు సంగతి సరేసరి. ఆ చాకు మీద ఇంక శ్రమ పెట్టడం ఆపేశాం.

రెండోది: పలచని బ్లేడు, చెక్క పిడి

పలచన బ్లేడే మందు అయితే, ఫ్రెంచి పద్ధతి రింగు లాకు చాకు చవకలో దొరుకుతుంది. 12సి27 స్టెయిన్‌లెస్, రెండు మి.మీ.లకు లోపు మందం, 50 గ్రాములు కూడా ఉండదు. పైపు విషయంలో ఊహ సరైందని తేలింది. ముక్క జాయినర్‌లో చుట్టూ సమానంగా కూర్చుంది.

అయినా అది నిలవలేదు. గోటితో పట్టి తెరవాలి, తర్వాత రింగు తిప్పాలి, అంటే రెండు చేతులూ కావాలి. గుంతలో కుడిచేత్తో పైపు పైకి పట్టుకుని ఉన్న మనిషికి రెండో చెయ్యి ఎక్కడిది? ఆయన రింగు తిప్పకుండానే వాడడం మొదలుపెట్టాడు, అంటే లాకు లేని చాకు అయిపోయింది. పైగా గుంతలో నీళ్లలో పడితే చెక్క ఉబ్బి బ్లేడు బయటికి రాదు. ఆరబెడితే ఎండకు చెక్క కుంచించుకుని పివట్ వదులవుతుంది. ఎండాకాలం నలభై దాటే చోట, రోజూ తడిసి ఆరే పిడికి ఉత్త చెక్క పనికిరాదు.

ఎంపిక

ఇప్పుడు కొలమానాలు స్పష్టంగా ఉన్నాయి, ఉక్కు పేరు వాటిలో చివరిది.

లాకు ఏ చేతికైనా ఒకేలా ఉండాలి, వేళ్లు బిగించినా వదలకూడదు. అడ్డకడ్డీ లాకు దానికి సరిపోతుంది: రెండు లైనర్లలోని గాడుల్లో అటూ ఇటూ కదిలే ఒక చిన్న ఉక్కు కడ్డీ, దాన్ని ముందుకు నెట్టే రెండు ఒమేగా (Ω ఆకారపు) స్ప్రింగులు. బెంచ్‌మేడ్ కంపెనీ 1998లో దీన్ని యాక్సిస్ లాక్ పేరుతో తెచ్చింది. పేటెంట్ గడువు తీరాక చాలామంది చేస్తున్నారు, కాబట్టి ఇప్పుడు ఐదు వేల లోపు కూడా దొరుకుతుంది. పిడి వెన్ను వైపు ఉండే బ్యాక్ లాకు కూడా రెండు చేతులకూ సమానమే, గట్టిది కూడా. కానీ దాని గాడిలో మట్టి చేరితే లాకు పూర్తిగా దిగదు, లోపల ఉన్నది బయటికి కనిపించదు. అడ్డకడ్డీ అయితే పూర్తిగా ముందుకు వచ్చిందో లేదో కంటికే తెలుస్తుంది.

పివట్‌లో బేరింగులు వద్దనుకున్నాం. సులువుగా తెరుచుకుంటుంది నిజమే, కానీ ఎర్రమట్టి దుమ్ము గుండ్ల మధ్య చేరితే కరకరలాడుతుంది, కడగడం కష్టం. ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లు కొంచెం నిదానం, మట్టిని తట్టుకుంటాయి.

బ్లేడు 76 మి.మీ., వెన్ను దగ్గర 2.5 మి.మీ., వెన్ను నుంచి అంచు దాకా ఒకే వాలు. ఆకారం మొన కిందికి వాలిన షీప్స్‌ఫుట్. అంచు తిన్నగా ఉంటుంది కాబట్టి పైపు మీద మొత్తం పొడవూ ఒకేసారి ఆనుతుంది, జారితే పక్క లేటరల్‌లో గుచ్చుకోదు. చూసేవాళ్లకు బాకులాగా కనిపించకపోవడం కూడా మన ప్రాంతంలో చిన్న లాభమేం కాదు.

చివరికి ఉక్కు. 14సి28ఎన్ తీసుకున్నాం. కార్బన్ 0.62 శాతం, క్రోమియం 14, నైట్రోజన్ 0.11. నైట్రోజన్ వల్ల కార్బన్ తక్కువైనా గట్టిదనం వస్తుంది, క్రోమియం తుప్పును ఆపడానికి మిగిలి ఉంటుంది. కార్బైడ్లు సన్నవి, అందువల్ల పలచని అంచు పెచ్చులూడదు. పదును డీ2 కన్నా ఒకటి రెండు రోజులు ముందు పోవచ్చు, కానీ మామూలు రాయి మీద ఐదు నిమిషాల్లో తిరిగి వస్తుంది. రోజూ మట్టిలో కోసేవాడికి ఈ రెండోదే ముఖ్యం.

మార్పులు

కొత్త బ్లేడు అంచు పైన 0.55 మి.మీ. ఉంది. దాన్ని 0.30కి దించాం. పివట్ వైపంతా టేపు చుట్టి రాతిపొడి లోపలికి పోకుండా చేసి, అంచు పై భాగానికి మార్కర్ పూసి, బ్లేడును తొమ్మిది పది డిగ్రీల వాలులో డైమండ్ ప్లేటు మీద నడిపించడం. మార్కర్ ఎక్కడ చెరిగిందో చూస్తే రాయి ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. పది గీతలకొకసారి వైపు మార్చాలి. 0.25కు దించవచ్చు కానీ బస్తా కుట్టులో ఇనుప తీగ తగిలితే అంచు మడతపడిపోతుంది. 0.30 దగ్గర ఆపింది అందుకే.

పదును వాలు ఒక్కోవైపు 17 డిగ్రీలు. ఆయన ఇంట్లో నూరుకోవాలంటే డిగ్రీలు చెప్పి లాభం లేదు. 25 మి.మీ. వెడల్పున్న ఈ బ్లేడుకు, వెన్నుకూ రాయికీ మధ్య సందు 6 మి.మీ. ఉంటే వాలు 17 దగ్గరికి వస్తుంది. ఫిట్టర్ సంచిలో 6 మి.మీ. ఆలెన్ కీ ఎప్పుడూ ఉంటుంది. నూరబోయే ముందు దాన్ని వెన్ను కింద పెట్టి ఎత్తు చూసుకోవడం, తీసేసి నూరడం. వెడల్పు వేరే ఉన్న బ్లేడుకు ఈ లెక్క పనికిరాదు.

ఈ కేసులో అన్నింటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది చూడ్డానికి చాలా చిన్న మార్పు. మొన వైపు వెన్నును 25 మి.మీ. మేర రాయి మీద నిలబెట్టి నూరి, మూలలు సరిగ్గా 90 డిగ్రీలు చేశాం. పీవీసీ పొట్టు గీకడం ఇప్పుడు ఆ వెన్నుతోనే. ఇదివరకు ఆ పని పదును అంచుతో అడ్డంగా గీకుతూ చేసేవాడు, సగం పదును అక్కడే పోయేది. మిగతా వెన్ను మీద బొటనవేలు ఆనుతుంది కాబట్టి దాన్ని మాత్రం ఎమరీతో గుండ్రంగా చేయాలి. బైండింగ్ వైరుకు కటింగ్ ప్లేయరు. పైపు కోసే ముందు లుంగీ అంచుతో ఒక తుడుపు.

పిడికి ఎర్రచందనం కావాలన్నాడు. కడప వైపు ఎవరో ఇస్తామన్నారట. దానికి మాత్రం ఒప్పుకోలేదు. శేషాచలం అడవుల ఎర్రచందనం ముక్క చిన్నదైనా, అటవీశాఖ అనుమతి కాగితం లేకుండా దగ్గర ఉంచుకుంటే కేసు. చెక్క తడిసి ఉబ్బడం ఎలాగూ చూశాం. దాని బదులు పాత నూలు లుంగీతో మైకార్టా, అంటే రెసిన్‌తో అతికిన గుడ్డ పొరల పలక చేశాం.

గుడ్డ నూలేనా అని ఒక పోగు కాల్చి చూడాలి. బూడిదైతే నూలు, కరిగి పూసకడితే పాలిస్టరు, అది రెసిన్ పీల్చదు. గంజి పోయేదాకా రెండుసార్లు ఉతికి బాగా ఆరబెట్టాలి. గంజి మిగిలితే పొరలు తర్వాత విడిపోతాయి. 130 × 40 మి.మీ. ముక్కలు, పిడికి రెండు పక్కలా వేసే ఒక్కో పలకకు 14 పొరలు. రెండు పలకలకు 60 గ్రాముల ఎపాక్సీ సరిపోయింది, నిదానంగా గట్టిపడే హార్డెనర్‌తో, డబ్బా మీద ఉన్న నిష్పత్తిలో తూకం వేసి. ఈ పని మన ఎండలకు తెల్లవారుజామునే చేయాలి. మధ్యాహ్నం కలిపితే గిన్నెలోనే వేడెక్కి, పొరలు సగం పేర్చేసరికి బిగుసుకుంటుంది. పాలిథీన్ కాగితం, రెండు ప్లైవుడ్ ముక్కలు, సీ-క్లాంపులు. రెసిన్ పక్కలకు పొంగేదాకా బిగించి ఆపాలి. ఇంకా బిగిస్తే రెసినంతా బయటికి పోయి పొరలు పొడిగా మిగులుతాయి. ఒక రోజు పూర్తిగా వదిలేశాక 3.4 మి.మీ. పలక వచ్చింది, 3 మి.మీ.కు అరగదీశాం. గీకేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఎపాక్సీ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

పాత పలకలు విప్పేటప్పుడు టీ6, టీ8 బిట్లు మంచివి వాడాలి, చవకవైతే స్క్రూ తల అరిగిపోతుంది. కంపెనీ వేసిన జిగురు వదలకపోతే సాల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద ఒక నిమిషం ఆనిస్తే మెత్తబడుతుంది. ఒమేగా స్ప్రింగులు ఎగిరిపోతాయి, అందుకే పెద్ద పారదర్శక కవరులో చేతులు పెట్టి విప్పడం. కొత్త పలకలో అడ్డకడ్డీ గాడి చుట్టూ 0.5 మి.మీ. సందు ఉంచాలి. అంతకన్నా బిగువైతే కడ్డీ పలకకు రాసుకుని, బ్లేడు తెరిచాక చివరిదాకా ముందుకు రాదు, లాకు సగమే పడుతుంది. మొదటి జత పలకలతో అదే జరిగింది. లాకు వదిలి కడ్డీ దానంతట అది టక్కున తిరిగి వచ్చేదాకా ఆ గాడిని సన్నని ఆకురాయితో పెంచాల్సి వచ్చింది. బిగించేటప్పుడు స్క్రూలకు ఊదారంగు లాక్‌టైట్ 222, సూది మొనంత. ఎర్రది వేస్తే తర్వాత విప్పలేం.

జేబు, చట్టం

చాకును మొలతాడుకు తాడుతో కట్టుకుంటానన్నాడు, పోగొట్టుకోకుండా. తెరిచి ఉన్న చాకు చేయిజారితే తొడ దగ్గర వేలాడుతుంది కాబట్టి వద్దన్నాం. పసుపు నైలాన్ తాడు నాలుగు వేళ్ల పొడవు పిడికి మాత్రం కట్టాం, మట్టిలో పడితే కనిపించడానికి. డ్రాయరు జేబు గుడ్డ పలచన, క్లిప్పుకు చిరిగిపోతుంది. దర్జీ దగ్గర జేబు అంచుకు కాన్వాసు పట్టీ వేయించి, క్లిప్పును ఎడమవైపుకు మార్చి, కొంచెం వదులు చేశాం. చొక్కా పైజేబు మాత్రం మానిపించాం, వంగితే పడుతుంది.

2016 ఆయుధాల నియమాల్లో చెప్పిన కొలత 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న బ్లేడు. ఇంటి, వ్యవసాయ పనిముట్లను ఆ లెక్కలోంచి మినహాయించారు. మూడు అంగుళాల చాకు దానికి చాలా లోపలే ఉంది. అలాగని ఎక్కడికైనా తీసుకుపోవచ్చని కాదు. కోర్టు, కలెక్టరేట్, రాజకీయ సభలు, విమానంలో చేతిసంచి, వీటికి ఇంట్లో పెట్టి వెళ్లాల్సిందే. పాత సీఆర్‌పీసీ 144 సెక్షన్, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 163 కింద ఊళ్లో ఆంక్షలుంటే పని చాకు కూడా సంచిలో, పైపుల సామాను మధ్యనే ఉండాలి. బటన్ నొక్కితే స్ప్రింగుతో తెరుచుకునే రకం ఎంత చవకగా దొరికినా అడగవద్దని చెప్పాం.

మూడు నెలల తర్వాత

పైపు జాయింట్ల ఫిర్యాదు లేదు. కోసిన ముక్కకు జాయినర్ దూర్చి కిలోన్నర ప్రెజర్ పెట్టి చూస్తే పొడిగా ఉంది. పదును వారం పది రోజులకు కొంచెం తగ్గుతుంది, ఇంట్లో 1000 రాయి మీద తనే తెచ్చుకుంటున్నాడు. చీనీరసం మచ్చ ఒక్కటి కూడా లేదు, కోశాక నీళ్లతో కడిగి తుడవడం అలవాటైంది. పాత డీ2 చాకు ఇంట్లో బస్తాలు విప్పడానికి ఉంది, వాడేది కుడిచేతి వాళ్లే.

తనిఖీలో ఒక లోపం కనిపించింది. పివట్‌లో ఇంజన్ ఆయిల్ పోశాడు. ఆయిల్‌లో మట్టి కలిసి నూరే పేస్టులాగా మారి వాషర్లు గీతలు పడ్డాయి. మార్చాల్సినంత కాదు. వారానికొకసారి చాకు తెరిచి సబ్బునీళ్లలో ఆడించి, గాలికి ఆరబెట్టి, పివట్‌లో కుట్టుమిషన్ నూనె ఒకే చుక్క వేయమన్నాం. అడ్డకడ్డీకి నూనె అసలే వద్దు.

అంటు కట్టడానికి కూడా ఇదే వాడవచ్చా అని అడిగాడు. వాడకూడదు. కొమ్మ మీది కన్ను (మొగ్గ) తీయడానికి ఒకవైపే వాలున్న అంటుకత్తి కావాలి. చీనీలో వైరాయిడ్ (వైరస్ కన్నా చిన్న రోగకారకం) తెగుళ్లు కత్తి ద్వారా చెట్టు నుంచి చెట్టుకు పాకుతాయి, ఆ కత్తిని చెట్టుకూ చెట్టుకూ మధ్య బ్లీచింగ్ ద్రావణంలో ముంచాలి. ఆ ద్రావణం మడత చాకు స్ప్రింగుల్లోకి పోతే తినేస్తుంది. ఒమేగా స్ప్రింగుల్లో ఒకటి విరిగినా రెండోది లాకును నిలుపుతుంది, కానీ దాని మీద ఎక్కువ రోజులు నడపకూడదు. అదనపు జత ఒకటి తెప్పించి, చిన్న కవరులో ఆలెన్ కీల డబ్బాలోనే ఉంచమని ఇచ్చాం.